గిలక బరువును సగం చేయదు: 120 కిలోల మొద్దుకు కొమ్మ ఎందుకు విరిగింది

ఎవరికీ దెబ్బ తగలలేదని మీ ఉత్తరం చివర్లో రాశారు. ఆ మాట ముందే రాసి ఉంటే బాగుండేది, అక్కడిదాకా ఊపిరి బిగబట్టి చదివాను.

మీరు చెప్పింది నాకు అర్థమైనంతలో ఇదీ: పెంకుటింటి మీదికి వాలిన నిద్రగన్నేరు చెట్టును ముక్కలుగా కోసి దించుతున్నారు. 8 మీటర్ల ఎత్తులో ఒక కొమ్మకు టన్ను బరువు మోసే గిలక కట్టారు. అల్లిక పాలిస్టర్ తాడు, 16 మి.మీ. లావు. మొద్దు 35 సెం.మీ. లావు, 1.25 మీటర్ల పొడవు. తాడు రెండో కొసను 6 మీటర్ల దూరంలో ఉన్న కొబ్బరి చెట్టు మొదట్లో మూడు చుట్లు చుట్టి ముడి వేసేశారు. తాడులో ఒక మీటరు దాకా వదులు ఉంది. కోత పూర్తవగానే మొద్దు జారింది, తాడు బిగిసింది, కొమ్మ విరిగింది, కొమ్మా మొద్దూ కలిసి పెంకుల మీద పడ్డాయి. ముందురోజు అదే కొమ్మ మీద ఇద్దరు మనుషులు కూర్చున్నా ఏమీ కాలేదు. గిలక ఉంటే బరువు సగం అవుతుందని మీ మిత్రుడు అన్నారు. మరి కొమ్మ ఎందుకు విరిగిందన్నది మీ ప్రశ్న.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఈ పని చేస్తున్నాను. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను వచ్చాక విశాఖలో ఇళ్ల మీద, తీగల మీద పడిన చెట్లను నెలల తరబడి తీశాం. మీ మిత్రుడు అన్న మాట ఆ రోజుల్లో ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు. ఆ మాటను ముందు సరిచేసుకుందాం, మిగతా లెక్కంతా దాని మీదే నిలబడి ఉంది.

బావి గిలకను గుర్తు చేసుకోండి. చేదలో నీళ్లతో కలిపి 15 కిలోలు ఉన్నాయి. మీరు తాడు పట్టుకుని ఆపి ఉంచాలంటే మీ చేతికి ఎంత వస్తుంది? 15 కిలోలే. గిలక మీకు బరువు తగ్గించలేదు, పైకి లాగాల్సిన పనిని కిందికి లాగే పనిగా మార్చింది, అంతే. ఇప్పుడు గిలక వేలాడుతున్న దూలం వైపు చూడండి. దాన్ని ఒక పక్క చేద 15 కిలోలతో లాగుతోంది, ఇంకో పక్క మీరు 15 కిలోలతో లాగుతున్నారు. దూలం మీద 30 కిలోలు. అదే చేదను గిలక లేకుండా నేరుగా దూలానికి కట్టేస్తే దూలం మోసేది 15 కిలోలే. కదలకుండా ఒకచోట కట్టిన గిలక, దాన్ని మోసే చోట భారాన్ని రెట్టింపు చేస్తుంది. చెట్టు మీద ఆ మోసే చోటే కొమ్మ.

మీ మిత్రుడు పూర్తిగా తప్పు చెప్పలేదు. సగం చేసే గిలక ఒకటుంది, కానీ అది బరువుతో పాటు కదిలేది. తాడు ఒక కొసను పైన కట్టి, మొద్దుకు తగిలించిన గిలక కిందుగా తిప్పి, మళ్లీ పైనున్న గిలక మీదుగా కిందికి తెస్తే చేతికి సగం బరువే వస్తుంది. అప్పుడు కూడా పైకొమ్మ మీద ఒకటిన్నర రెట్లు ఉంటుంది. అంటే చేతికి తగ్గినంత మాత్రాన కొమ్మకు తగ్గినట్టు కాదు. ఈ పనిలో చేతికి ఎంత వస్తోందన్నది చిన్న ప్రశ్న. కొమ్మకు ఎంత పోతోందన్నదే పెద్ద ప్రశ్న.

ఇప్పుడు మీ మొద్దు. పచ్చి కలప బరువును నేను నీళ్ల బరువుతో సమానంగా లెక్క వేసుకుంటాను, ఘనమీటరుకు 1000 కిలోలు. కొన్ని చెట్లు దీనికన్నా తేలిక, కానీ ఎక్కువ అనుకుని తప్పు చేయడమే మంచిది. మీ మొద్దు ఆ లెక్కన 120 కిలోలు. ఇక్కడొక మాట: పొడవు రెట్టింపైతే బరువు రెట్టింపే, లావు రెట్టింపైతే బరువు నాలుగింతలు. మీటరు పొడవున్న 40 సెం.మీ. మొద్దు 125 కిలోలైతే, 80 సెం.మీ. మొద్దు అర టన్ను. కింద నిలబడి చూసేవాళ్లకు ఈ తేడా అస్సలు అందదు.

గిలకకు అటూ ఇటూ ఉన్న తాడు పాయలు రెండూ నిటారుగా పక్కపక్కనే దిగితే కొమ్మ మీద 2 రెట్లు. పాయల మధ్య కోణం పెరిగే కొద్దీ అది తగ్గుతుంది. 60 డిగ్రీలకు 1.73 రెట్లు, 90కి 1.41, 120కి సరిగ్గా ఒక రెట్టు. మీ కొలతలు 6, 8 కాబట్టి గిలక నుంచి కొబ్బరి మొదలు దాకా తాడు 10 మీటర్లు, పాయల మధ్య కోణం సుమారు 37 డిగ్రీలు. దానికి 1.9 రెట్లు. మొద్దు కదలకుండా వేలాడినా మీ కొమ్మ మీద 228 కిలోలు ఉండేది. ఇద్దరు మనుషుల బరువు మహా అయితే 140. అంటే ముందురోజు మీరు చేసిన పరీక్ష, అసలు పనిలో ఏ కుదుపూ లేకపోయినా సరిపోని పరీక్ష.

కానీ కొమ్మను విరిచింది ఈ 228 కిలోలు కాదు. ఆ ఒక్క మీటరు వదులు.

పడుతున్న వస్తువును తాడు ఎలా ఆపుతుందో ఒక్క నిమిషం చూద్దాం. మొద్దు మీటరు పడి వేగం అందుకుంది. ఆ వేగాన్ని ఎవరో ఒకరు మింగాలి. మూడు చుట్లు చుట్టి ముడి వేశారు కాబట్టి తాడు జారదు. ఇక మింగాల్సింది తాడు సాగుదలే. మీలాంటి తాడు 400 కిలోల లాగుడుకు నూటికి రెండు వంతులు సాగుతుందనుకుందాం. మొద్దు నుంచి కొబ్బరి దాకా తాడు మొత్తం 12 మీటర్లు. లెక్క వేస్తే తాడు సుమారు 46 సెం.మీ. సాగి, ఆ క్షణంలో 764 కిలోల దాకా బిగుస్తుంది. నమ్మకం లేకపోతే సరిచూసుకోండి: 120 కిలోలు మొత్తం 1.46 మీటర్లు దిగాయి, గుణిస్తే 175. తాడు సున్నా నుంచి 764 దాకా బిగిసింది, సగటున 382, దాన్ని 0.46తో గుణించినా 175 వస్తుంది. మొద్దు ఇచ్చింది, తాడు పుచ్చుకుంది, రెండూ సరిపోయాయి.

ఆ 764ను 1.9తో గుణిస్తే మీ కొమ్మ మీద పడింది దాదాపు 1450 కిలోలు. నిజంలో కొమ్మ వంగుతుంది, ముడి బిగుసుకుంటుంది, కొబ్బరి కూడా కొంచెం ఊగుతుంది కాబట్టి అంత రాకపోవచ్చు. అందులో సగమే వచ్చిందనుకున్నా 700 దాటింది. ఐదు టన్నుల దాకా ఓర్చే తాడు తెగలేదు, టన్ను గిలక పైకి బాగానే కనిపిస్తోంది, మధ్యలో ఎంత మోస్తుందో ఏ ముద్రా లేని కొమ్మ విరిగింది. ఆ గిలకను మళ్లీ వాడకండి. దాని హద్దు దాటి ఉండే అవకాశం ఉంది, ఇరుసులో వచ్చిన చీలిక కంటికి కనబడదు.

వదులు అసలు లేకపోయినా, తాడు సరిగ్గా బిగుతుగా ఉండగా మొద్దును ఒక్కసారిగా వదిలితే తాడులో రెండింతలు, అంటే 240 కిలోలు వస్తుంది. పావు మీటరు వదులుకు 458. మీటరుకు 764. మొదటి పావు మీటరే ఎంత తేడా తెచ్చిందో చూడండి. అందుకే కోతకు ముందు తాడును లాగి బిగించమని మా కుర్రాళ్లకు రోజూ చెబుతాను.

ఇంకో సంగతి చాలామందికి వింతగా ఉంటుంది. మొద్దును సగం చేసి 60 కిలోలకు కోశామనుకోండి, అదే మీటరు వదులుతో. తాడులో సగం రాదు, 511 కిలోలు వస్తుంది. చిన్న ముక్కేలే అని వదులు వదిలేసి కోసే చోట ఎక్కువ ప్రమాదాలు జరగడం నేను చూశాను. మా జట్టులోనే ఒకసారి, పొడుగాటి మానును పైనుంచి ముక్కలు కోస్తూ దించుతున్నప్పుడు, ముక్కను దాని కిందే కట్టిన గిలకకు వేశాం. అక్కడ పడడం తప్పదు, ఎందుకంటే ముక్క గిలకకు పైన ఉంది. కింద తాడు పట్టినవాడు భయపడి గట్టిగా బిగించేశాడు. చెట్టు మొత్తం పైనున్న మనిషితో సహా ఊగిపోయింది. అతని నడుము పట్టా, చెట్టెక్కడానికి కాళ్లకు కట్టుకునే ముళ్లూ రెండూ నిలబడ్డాయి కాబట్టి ఈ రోజు దాని గురించి మామూలుగా మాట్లాడుతున్నాను. తప్పు ఆ కుర్రవాడిది కాదు. గట్టిగా పట్టుకోవడమే క్షేమం అని ఎవరికైనా అనిపిస్తుంది. వదలడం నేర్పాల్సింది నేను.

వదలడం అంటే తాడును చేతిలోంచి విడిచేయడం కాదు, జారనిస్తూ ఆపడం. దీనికి చెట్టు మొదట్లో చుట్లే ఆధారం. చుట్టిన తాడు రాపిడి ఒక పద్ధతిలో పెరుగుతుంది: ఒక్కో చుట్టుకు కూడిక కాదు, గుణకారం. బెరడు మీద రాపిడి గుణకం, అంటే బెరడు తాడును ఎంత పట్టి ఉంచుతుందో చెప్పే అంకె, 0.3 అనుకుంటే ఒక చుట్టుకు 6.6 రెట్లు, రెండు చుట్లకు 43 రెట్లు, మూడు చుట్లకు 280 దాటుతుంది. మీరు మూడు చుట్లు వేశారంటే ఆ ముడి వేసినా వేయకపోయినా ఒకటే, తాడు కదిలే ప్రశ్నే లేదు. ఒక్క చుట్టు వేసి, మనిషి 25 కిలోల లాగుడుతో పట్టుకుంటే తాడు 165 కిలోల దగ్గర దానంతట అదే జారడం మొదలుపెడుతుంది. అంటే తాడులో బలం 165 దాటడానికి వీల్లేదు, కొమ్మ మీద 315 దాటదు. 1450 ఎక్కడ, 315 ఎక్కడ! అదే మొద్దు, అదే తాడు, అదే మీటరు వదులు.

దీనికి ఒక ధర ఉంది. అలా మెల్లగా ఆపడానికి చోటు కావాలి. ఈ లెక్కలో మీటరు పడిన మొద్దు పూర్తిగా ఆగడానికి ఇంకో 2.7 మీటర్లు దిగుతుంది. మీ ఇంటి కప్పు అంతకన్నా దగ్గరలో ఉంటే పడనిచ్చే పద్ధతి మీకు పనికిరాదు. అప్పుడు ముక్కను ముందే బిగించి, పడకుండా వేలాడేలా కోయాలి. కోతకు ముందు ఈ దూరం కొలవకుండా ఎవరూ రంపం పట్టకూడదని నా గట్టి అభిప్రాయం. తాడును చేతికి మాత్రం ఎప్పుడూ చుట్టుకోవద్దు. కొమ్మ కన్నా ముందు వేళ్లు పోతాయి.

కొబ్బరి చెట్టు బెరడు నున్నగా, వాన పడితే జారుడుగా ఉంటుంది కాబట్టి ఈ 6.6ను శిలాశాసనంగా తీసుకోకండి. పని మొదలుపెట్టే ముందు చిన్న ముక్కతో, నేలకు దగ్గరగా, ఒకటి రెండుసార్లు దించి చూసుకోండి. రోజూ ఈ పని చేసేవాళ్లు చెట్టు మొదట్లో కట్టే ఇనుప లేదా అల్యూమినియం గొట్టం వాడతారు. దాని మీద రాపిడి వానకూ ఎండకూ పెద్దగా మారదు, తాడూ పాడవదు.

గిలక లేకుండా తాడును నేరుగా చెట్టు పంగలో వేసి దించే పాత పద్ధతి సంగతి కూడా చెప్పాలి, మీరు దాన్ని మోటు పని అని రాశారు కాబట్టి. మా నాన్నగారి తరం అంతా మోకును పంగలో వేసే దించారు. పంగలో అర చుట్టు పడుతుంది, దాని రాపిడికి అదే 120 కిలోల మొద్దును కింద సుమారు 47 కిలోలతో ఆపొచ్చు. కొమ్మ మీద 167 కిలోలే. గిలకతో అయితే దాదాపు 240. అంటే దించేటప్పుడు పంగే కొమ్మకు తేలిక! కానీ పైకి ఎత్తాలంటే రాపిడి తిరగబడుతుంది. 120 కిలోలు ఎత్తడానికి 308 కిలోలతో లాగాలి, కొమ్మ మీద 428 పడుతుంది. పంగ మీదుగా ఎత్తడం మాత్రం ఎప్పుడూ చేయకండి. ఇంకో లోటు కూడా ఉంది. రాపిడి పైనే ఉండిపోతే, కుదుపు వచ్చినప్పుడు పంగకు ఇవతల ఉన్న పొడవాటి తాడు పెద్దగా సాగదు, మొద్దు వైపున్న పొట్టి తాడే దెబ్బంతా తింటుంది. గిలక పైన, రాపిడి కింద ఉంటే మొత్తం తాడు సాగుదల మనకు ఉపయోగపడుతుంది. నేను గిలకను ఇష్టపడే కారణం ఇదే, కొమ్మకు తేలిక అని కాదు.

కొమ్మ ఎంత మోస్తుందనేది బరువు ఒక్కదాని మీద లేదు, ఆ బరువు ఏ దిక్కుకు లాగుతోందన్నది అంతకన్నా ముఖ్యం. గిలక మీద పడే బలం ఎప్పుడూ తాడు రెండు పాయల మధ్య నట్టనడుమ దిక్కులో ఉంటుంది. నిలువు మాను పొడవునా నొక్కే బలాన్ని చాలా బాగా తట్టుకుంటుంది. అడ్డంగా సాగిన కొమ్మ వంచే బలానికే లొంగిపోతుంది. మాను నుంచి గిలక ఎంత దూరంలో కడితే వంపు అంత ఎక్కువ. లావు కొంచెం తగ్గినా బలం చాలా తగ్గుతుంది: 15 సెం.మీ. కొమ్మతో పోలిస్తే 12 సెం.మీ. కొమ్మది సగం బలమే.

దీన్ని మనకు అనుకూలంగా వాడుకునే ఉపాయం ఒకటుంది. అడ్డకొమ్మ మీది గిలక నుంచి తాడును నేరుగా నేలకు తేకుండా, ముందు మాను పైభాగంలో, కొమ్మ కన్నా ఎత్తులో కట్టిన రెండో గిలకకు తీసుకెళ్లి, అక్కడి నుంచి మాను వెంబడి కిందికి దించండి. తాడు కొమ్మ నుంచి మానుకు 30 డిగ్రీలు ఏటవాలుగా పైకి వెళ్లిందనుకోండి. 120 కిలోల మొద్దుకు కొమ్మను కిందికి వంచే భాగం 60 కిలోలే. మిగతా బలం కొమ్మను దాని పొడవునా మాను వైపు నొక్కుతుంది, అది కొమ్మకు పెద్ద బాధ కాదు. తాడు నేరుగా కిందికి దిగితే అదే కొమ్మను 240 కిలోలు వంచేవి. నాలుగో వంతుకు తగ్గింది. ఆ తేడా ఎక్కడికీ మాయమవలేదు, 180 కిలోలు మాను మీదికి వెళ్లాయి. మోయగలిగినవాడి భుజానికి మార్చాం, అంతే. రెండో గిలక ఖర్చుకు వెనకాడకండి.

సామాను గురించి ఎక్కువ చెప్పను. బావి గిలక, తెరిచి ఉన్న కొక్కెం, ఈ పనికి వద్దు. మంచి గిలకల మీద కిలోన్యూటన్లలో ముద్ర ఉంటుంది, ఒక కిలోన్యూటన్ అంటే సుమారు 100 కిలోలు. అది తెగే హద్దా, పనిచేసే హద్దా అన్నది కొనేటప్పుడే అడగండి. గిలక చక్రం తాడు లావుకు కనీసం నాలుగింతలు ఉండాలి. ముడి వేసిన తాడు మూడో వంతు బలం పోగొట్టుకుందనే లెక్క వేయండి. తెగే హద్దులో పదో వంతుకు మించి తాడును రోజువారీ పనిలో వాడను. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే రంగుల ప్లాస్టిక్ తాడు ఎండకు పెళుసవుతుంది, చుట్ల మీద జారేటప్పుడు వేడికి కరిగి అతుక్కుంటుంది. పడే బరువును ఆపడానికి ఇనుప గొలుసు, వైరు తాడు అసలు వద్దు, అవి సాగవు.

మనుషులు నిలబడే చోటు గురించి మాత్రం గట్టిగా చెబుతాను. తాడు ఎక్కడ మలుపు తిరుగుతుందో, ఆ మలుపు లోపలి వైపు ఎవరూ ఉండకూడదు. గిలక కట్టు తెగితే అది సరిగ్గా ఆ లోపలి వైపుకే తూటాలా వస్తుంది. చెట్టు మొదట్లో మలుపు గిలక కడితే దానికీ ఇదే వర్తిస్తుంది. పైకి ఎక్కిన మనిషి తన తాడును బరువు మోసే కొమ్మకు కట్టుకోకూడదు. మీ కొమ్మ విరిగినప్పుడు మీ అబ్బాయి వేరే కొమ్మకు కట్టుకుని ఉన్నాడని రాశారు, ఆ ఒక్క పని మీరంతా సరిగ్గా చేశారు.

మిగిలిన మూడు ముక్కలకు నేనైతే ఇలా చేస్తాను. పెంకుల మీదికి ఉన్న రెండింటినీ 60 కిలోలకు మించకుండా, అంటే ఆ లావుకు 60 సెం.మీ. పొడవుకే కోస్తాను. గిలకను మాను పంగకు ఆనించి, ముక్క కన్నా ఎత్తులో కడతాను. కోతకు ముందు తాడు బిగించి, కొబ్బరికి కాకుండా అదే చెట్టు మొదట్లో ఒక చుట్టు వేసి, చేతి తొడుగులు ఉన్న మనిషికి ఇస్తాను. తాడు మాను వెంబడి నేరుగా దిగుతుంది కాబట్టి మాను మీద పూర్తి రెండు రెట్లు పడుతుంది, కానీ అది మాను పొడవునా నొక్కుతుంది, పక్కకు లాగదు. ఆ పక్కనున్న సర్వీసు తీగ సంగతి కరెంటు ఆఫీసులో చెప్పి సరఫరా ఆపించుకోండి. వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద చెట్టు కొట్టడానికి అనుమతి తీసుకున్నారో లేదో రాయలేదు, లేకపోతే ముందు అది చూసుకోండి.

మూడో ముక్క, ఆ ఒంటరిగా నిలబడిన మొండెం, గిలకకు పైనే ఉంటుంది కాబట్టి పడక తప్పదు. దాని కింద నేల దాకా ఎంత ఖాళీ ఉందో, మాను మొదట్లో పుచ్చు ఏమైనా ఉందో సుత్తితో కొట్టి చూసి రాయండి. బోలు శబ్దం వస్తే ఆ మాను మీద ఎవరినీ ఎక్కించకండి, ఏ తాడూ కట్టకండి. క్రేన్ పిలిపించండి.